హన్మకొండలో ఆదివారం సైన్స్ చరిత్ర క్లాసులు: పది వారాలు కూర్చున్నాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, డబ్బులు పెట్టి వెళ్లదగ్గ క్లాసులే. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను, చేరాలనుకునేవాళ్లకు అది తెలియాలి కదా. కానీ గ్రూప్స్‌కో డీఎస్సీకో ప్రిపేర్ అవుతూ సైన్స్ బిట్లు దొరుకుతాయనుకుని వెళ్తే మాత్రం రెండో వారానికే మానేస్తారు, మా బ్యాచ్‌లో అలా నలుగురు మానేశారు. ఎవరు ఏ సంవత్సరంలో ఏం కనిపెట్టారో బట్టీ పట్టించే చోటు కాదిది. అసలు కనిపెట్టడం అంటే ఏంటి, ఒక మాట నిజమని సైన్స్ ఎప్పుడు ఒప్పుకుంటుంది, అలా ఒప్పుకున్నది తర్వాత తప్పని తేలితే ఒప్పుకున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేనా, ఇట్లాంటివి అడుగుతారు ఇక్కడ. అదీ గాల్లో కాదు, ఫలానా ఊళ్లో ఫలానా రోజు జరిగిన సంగతిని ముందు పెట్టుకుని.

నేను పరకాల వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఈ క్లాసుల సంగతి తోటి టీచర్ ఒకామె చెబితే తెలిసింది. హన్మకొండ చౌరస్తా నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక ఇంటి రెండో అంతస్తులో, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఏడాదికి రెండు బ్యాచ్‌లు నడుపుతారు. పేరు ఆన్‌లైన్‌లో పెట్టొద్దని సారే అడిగారు కాబట్టి పెట్టడం లేదు. ఆదివారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా, పది వారాలు, ఫీజు 1,500 రూపాయలు, చదువుకునే పిల్లలకు సగం. మధ్యలో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. మేం మొదట ఇరవై మందిమి, చివరికి పదహారు మందిమి మిగిలాం: నాలాంటి టీచర్లు ఐదుగురు, నిట్‌లో చదివే పిల్లలు ముగ్గురు, ఒక లాయరు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన, ఇంకా కొందరు.

సార్ పద్ధతి ఒకటుంది, ఈ క్లాసులకు ప్రాణం అదే. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, పక్కన ఒక తేదీ వేస్తారు. ఆ తేదీ తర్వాత జరిగింది ఏదీ ఎవరూ మాట్లాడకూడదు. ముగింపు తెలిసినవాళ్లు ఉంటారు, అయినా నోరు మెదపకూడదు. ఆ రోజుకి ఎవరికి ఏం తెలుసో అంతవరకే ఉన్న జిరాక్స్ కాగితాలు ఇస్తారు, అవి చదివి, ఆ రోజున మీరైతే ఏం చేసేవాళ్లు అని అడుగుతారు. ఒక అరగంట గొడవ గొడవగా వాదించుకున్నాక గీతను ముందుకు జరుపుతారు.

మొదటి వారం గీత 1846 దగ్గర పడింది. యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ చూశాడు, ఆ తర్వాత అరవై ఏళ్లు గమనిస్తే అది న్యూటన్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదు. లెక్క ఒకటి, ఆకాశం ఇంకొకటి. ఇప్పుడు న్యూటన్‌ను వదిలేయాలా వద్దా అని సార్ అడిగారు. నిట్ అబ్బాయి ఒకడు లేచి, కార్ల్ పాపర్ అనే తత్వవేత్త చెప్పింది ఇదే కదా సార్, అంచనా తప్పితే సిద్ధాంతం తప్పినట్టే, వదిలేయాల్సిందే అన్నాడు. సగం మందిమి తలూపాం. అప్పుడు గీత జరిగింది. పారిస్‌లో లెవెరియే, ఇంగ్లండ్‌లో ఆడమ్స్ ఎవరికి వారుగా లెక్క వేశారు: న్యూటన్ తప్పు కాదు, మనకు కనబడని ఇంకో గ్రహం యురేనస్‌ను లాగుతోంది, అది ఫలానా చోట ఉండాలి. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో గాలే టెలిస్కోప్ తిప్పితే, లెవెరియే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది. పాపర్ మాటను పట్టుకుని అక్షరం తప్పకుండా నడిచి ఉంటే న్యూటన్‌ను పారేసేవాళ్లం, నెప్ట్యూన్ పోయేది.

అక్కడితో ఆపితే అది మామూలు కథ. చాయ్ తర్వాత సార్ గీతను 1859 దగ్గర గీశారు. ఈసారి బుధగ్రహం. సూర్యుడికి అది అతి దగ్గరగా వచ్చే బిందువు, పరిహేళి, మెల్లగా జరుగుతూ ఉంటుంది, మిగతా గ్రహాల లాగుడంతా లెక్కలోకి తీసుకున్నా కొంచెం మిగిలిపోతోంది, ఇప్పుడు మనం చెప్పుకునే అంకె నూరేళ్లకు 43 ఆర్క్‌సెకన్లు. డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఆర్క్‌సెకను, అంత చిన్న తేడా. ఎవరు పట్టుకున్నారు? అదే లెవెరియే. ఏం చెప్పాడు? అదే మాట, కనబడని ఇంకో గ్రహం ఉండి ఉంటుందని. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మీరైతే వెతికేవాళ్లా అని సార్ అడిగితే పదిహేను చేతులు లేచాయి, నాదీ లేచింది. పదమూడేళ్ల కింద పనిచేసిన ఉపాయం కదా. వల్కన్ దొరకలేదు, ఎందుకంటే లేదు. 1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతంతో ఆ 43 ఆర్క్‌సెకన్లు సరిగ్గా వచ్చాయి. ఈసారి తప్పు నిజంగానే న్యూటన్ దగ్గర ఉంది.

అదే మనిషి, అదే ఉపాయం, ఒకసారి గెలుపు, ఒకసారి ఓటమి. ముందుగా ఏది ఏదో చెప్పే రూల్ ఏమైనా ఉందా? ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చేదాకా నేను ఇదే ఆలోచించాను. పద్దెనిమిదేళ్లుగా నేను ఎనిమిదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాస్తున్న శాస్త్రీయ పద్ధతి (పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ) ఈ రెండు కథల్లో దేనికీ పూర్తిగా సరిపోలేదు.

రెండో వారం థియరీ. సైన్స్ చరిత్రకు, సైన్స్ ఎలా నడవాలో ఆలోచించే తత్వశాస్త్రానికి అసలు ఏం సంబంధం అన్న ప్రశ్న. ఇది పండితుల మధ్య పాత తగువే, 1973లో రొనాల్డ్ గియర్ అనే తత్వవేత్త ఈ రెండింటిదీ నిజమైన దాంపత్యమా, అవసరానికి చేసుకున్న పెళ్లా అని సూటిగానే అడిగాడు. లాయరు గారు దాన్ని మన భాషలో పెట్టారు: చరిత్ర జరిగింది చెబుతుంది, తత్వం జరగాల్సింది చెబుతుంది, వరంగల్ రోడ్ల మీద సగం మంది హెల్మెట్ లేకుండా పోతున్నారు కాబట్టి హెల్మెట్ అక్కర్లేదని ఎవరైనా తీర్పు ఇస్తారా? బలమైన మాటే. దానికి సార్, మరి జరగాల్సింది ఇదీ అని మీకెలా తెలిసింది, ఎక్కడి నుంచి తెచ్చారు అని ఎదురు ప్రశ్న వేశారు. హెల్మెట్ రూల్ కూడా ప్రమాదాలు చూశాకే వచ్చింది కదా అని మెకానిక్ పెద్దాయన అందుకున్నారు, అందరం ఒక్క క్షణం ఆగాం. నాకైతే ఆ మాటతోనే విషయం తేటపడింది. అంచనా తప్పితే సిద్ధాంతం వదిలేయాలన్న రూల్ కాగితం మీద చాలా బాగుంటుంది, దాన్ని 1846కు తీసుకెళ్లి నిలబెడితేనే ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. ఇమ్రే లాకటోస్ అనే తత్వవేత్త ఇదే చెప్పాడట, చరిత్ర లేని తత్వం ఖాళీ, తత్వం లేని చరిత్ర గుడ్డిది అని, పాత జర్మన్ తత్వవేత్త కాంట్ మాటల తీరును తీసుకుని. సైన్స్ చరిత్ర రాసిన థామస్ కూన్ సంగతి కూడా ఆ వారమే చెప్పారు. 1947లో భౌతికశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు, పాఠం చెప్పడం కోసం అరిస్టాటిల్‌ను చదవాల్సి వచ్చి, ఇంత గొప్పవాడు చలనం గురించి ఇన్ని పిచ్చి మాటలు ఎలా రాశాడని ఆశ్చర్యపోయి, చివరికి అరిస్టాటిల్ చలనం అన్నది రాయి పడటాన్నే కాదు, మొక్క పెరగటాన్ని, రోగి కోలుకోవటాన్ని కూడా అని అర్థమయ్యాక మొత్తం కుదురుకుందట. 1962లో ఆయన వేసిన పుస్తకం, పారడైమ్ (ఒక కాలపు సైన్స్ అంతా నమ్మి నడిచే చట్రం) అనే మాటను ఊరూరా తిప్పిన ఆ పుస్తకం, మొలకెత్తింది అక్కడ.

ఇప్పుడు గుంటూరు వారం. దీని గురించి ఎక్కువ రాస్తాను, నాకు బాగా తగిలింది ఇదే.

హీలియంను మన గుంటూరులో కనిపెట్టారు అని నేను ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను. మన తెలుగు నేల మీద ఒక మూలకం దొరికిందంటే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, నాకూ గర్వంగానే ఉంటుంది. సార్ గీతను 1868 ఆగస్టు 18 సాయంత్రం దగ్గర గీశారు. ఆ పొద్దున సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నుంచి వచ్చిన పాగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో, అంటే వెలుగును రంగులుగా విడగొట్టే పరికరంలో, చూశారు. సరే, ఆ సాయంత్రానికి జాన్సెన్‌కు ఏం తెలుసు? జ్వాలలు వేడికి వెలిగే వాయువులని తెలుసు, ఎందుకంటే వర్ణపటంలో మెరిసే గీతలు వచ్చాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అని తట్టింది, మర్నాడే చూశాడు, కనబడ్డాయి. అసలు ఆయన సంబరపడింది దీనికి. ఒక్కో మూలకం వర్ణపటంలో తనవైన చోట్లలోనే గీతలు ఇస్తుంది. ఇక్కడ పసుపు రంగు గీత ఒకటి ఉంది, సోడియం గీతల దగ్గర్లో ఉంది. కొత్త మూలకం అని ఆ సాయంత్రం గుంటూరులో ఎవరూ అనలేదు.

బోర్డు మీద గీత అక్టోబర్‌కు జరిగింది. ఇంగ్లండ్‌లో లాకియర్, జాన్సెన్ సంగతి తెలియకుండానే, గ్రహణం లేకుండా అవే జ్వాలల గీతలు చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి, ఫ్రెంచ్‌వాళ్లు ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించారు. ఆ తర్వాత మెల్లగా, ఆ పసుపు గీత సోడియంది కాదని తేలింది, సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంది. భూమ్మీద ఏ పదార్థాన్ని వేడి చేసినా ఆ గీత రావడం లేదు. సూర్యుడిలో మనకు తెలియని మూలకం ఉందని లాకియర్ అన్నాడు, గ్రీకులో సూర్యుడి పేరు హేలియోస్ కాబట్టి హీలియం అయింది. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. చేతిలోకి రాని, సీసాలో పట్టని మూలకం ఏం మూలకం? చివరికి 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీత చూశాడు. గుంటూరు గ్రహణానికి, రామ్సే సీసాకు మధ్య 27 ఏళ్లు.

మరి హీలియంను ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కనిపెట్టినట్టు? సార్ ప్రశ్న వేసి కుర్చీలో కూర్చున్నారు. బ్యాంకు ఆయన గుంటూరు అన్నారు, మొదట కళ్లబడింది అక్కడే కదా అని. లాయరు గారు లాకియర్ వైపు, చూడటం సాక్ష్యం, అది ఏంటో చెప్పడం వాదన, కేసు గెలిచేది వాదనతోనే అన్నారు. నిట్ అమ్మాయి రామ్సే అంది. నేను మొదటిసారి నా మాట పక్కన పెట్టి విన్నాను. ఇది తేదీల తగువు కాదు. ఒక వస్తువు ఉందని చూడటం, అది ఫలానాదని గుర్తించడం రెండూ వేరు పనులు, ఆ రెండింటి మధ్య 27 ఏళ్లు పట్టొచ్చు, అందులో పది మంది చేయి ఉండొచ్చు. కూన్ ఆక్సిజన్ విషయంలో ఇదే చూపించాడని సార్ చెప్పారు. షీలే వాయువును తీశాడు, ప్రీస్ట్లీ 1774లో తీసి ఫ్లోజిస్టాన్ (వస్తువు మండితే బయటికి పోతుందని అప్పట్లో నమ్మిన పదార్థం) పోగొట్టుకున్న గాలి అన్నాడు, లవోజియే అది వేరే మూలకమని నిలబెట్టాడు. గుంటూరు కథ చదవకుండా కనిపెట్టడం అనే మాటకు అర్థం చెప్పమంటే నేను నిఘంటువు చూసి చెప్పేదాన్ని. ఆ ప్రశ్న లేకుండా గుంటూరు కథ చెప్పమంటే, ఇన్నాళ్లూ చెప్పినట్టే, ఒక ఊరి పేరు, ఒక తేదీ చెప్పేదాన్ని.

ఇంకోటి ఉంది. లాకియర్‌ను నమ్మనివాళ్లు మొండివాళ్లు అని నేను అనబోయాను. సార్ ఇంకో కాగితం తీశారు. సరిగ్గా మరుసటి ఏడాది, 1869 గ్రహణంలో, సూర్యుడి కరోనాలో, అంటే గ్రహణంలో సూర్యుడి చుట్టూ కనబడే తెల్లటి వెలుగులో, ఆకుపచ్చ గీత కనబడింది, 530.3 నానోమీటర్లు, భూమ్మీద దేనికీ సరిపోలేదు, అదే వాదనతో దానికి కరోనియం అని కొత్త మూలకం పేరు పెట్టారు. డెబ్బై ఏళ్లు అది పుస్తకాల్లో ఉంది. 1940 ప్రాంతంలో గ్రోట్రియన్, ఎడ్లెన్ తేల్చారు, అది మామూలు ఇనుమే, కాకపోతే కరోనా వేడికి 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. వింటుంటే నాకు మొదటి వారం మళ్లీ కళ్ల ముందు తిరిగింది. నెప్ట్యూన్‌కు వల్కన్ ఎలాగో, హీలియంకు కరోనియం అలాగ. ఆ మాట పైకి అనేశాను. సార్ సుద్దముక్క నాకిచ్చి నువ్వే బోర్డు మీద రాయమ్మా అన్నారు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఇంటికి వచ్చానో ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు.

అన్ని వారాలూ ఇలా లేవు. నాలుగో వారం గెలీలియో, అది నాకు నచ్చలేదు. గీత గీశారు గానీ సార్ మనసు ముందే గెలీలియో వైపు ఉంది, ఎదుటివాళ్లంతా మూర్ఖుల్లా కనబడేలా పాఠం నడిచింది. తత్వం చెప్పడానికి చరిత్రను పనిమనిషిలా వాడుకుంటే జరిగేది ఇదే, తన పాయింటుకు పనికొచ్చే ముక్కలు ఏరుకుని మిగతావి దాచేయడం. నిట్ అమ్మాయే లేచి అడిగింది: భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే ఆరు నెలలకు ఒకసారి నక్షత్రాలు కొంచెం జరిగినట్టు కనబడాలి కదా సార్, ఒక కన్ను మూసి బొటనవేలు చూసి, మళ్లీ రెండో కన్ను మూసి చూస్తే వేలు జరిగినట్టు కనబడుతుందే, అలాగ. ఆ పారలాక్స్‌ను 1838లో బెస్సెల్ కొలిచేదాకా ఎవరూ నమ్మకంగా చూపించలేకపోయారు, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం 1543 నాటిది, అంటే 295 ఏళ్లు. మరి గెలీలియో కాలంలో అనుమానపడినవాళ్లు అన్యాయంగా మాట్లాడినట్టా? సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం వచ్చి, పోయిన వారం నేను సరిగా చెప్పలేదు అని ఒప్పుకుని, గంటన్నర మళ్లీ చెప్పారు. శుక్రుడి కళలు చూసినా అవి టైకో బ్రాహీ నమూనాకు (గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు కదలని భూమి చుట్టూ) కూడా సరిపోతాయని, భూమి కదులుతోందనడానికి గెలీలియో పెద్ద సాక్ష్యంగా చూపిన సముద్రపు ఆటుపోట్ల వాదనే తప్పని, అన్నీ పెట్టారు. అయినా గెలీలియో చిన్నవాడైపోలేదు, సాక్ష్యం సగమే చేతిలో ఉన్నప్పుడు ఏది పట్టుకుని ముందుకు పోవాలో ఎంచుకున్న మనిషిగా ఇంకా దగ్గరయ్యాడు. పాఠం తప్పిందని అందరి ముందూ ఒప్పుకుని తిరిగి చెప్పే మాస్టారును నా సర్వీసులో నేను చూడలేదు, అందుకే ఆ వారానికి మార్కులు తగ్గించడం లేదు.

తగ్గించింది ఎనిమిదో వారానికి. బయటి నుంచి ఒకాయన వచ్చి సైన్స్ తత్వం మీద మూడు గంటలు మాట్లాడారు, ఇండక్షన్, రియలిజం, ఇన్‌స్ట్రుమెంటలిజం అని వరసగా నిర్వచనాలు. ఒక మనిషి లేడు, ఊరు లేదు, తేదీ లేదు, ప్రయోగం లేదు. నోట్స్ రాసుకున్నాను, ఇప్పుడు తీసి చదివితే ఏమీ గుర్తు రావడం లేదు. ఎలక్ట్రాన్ నిజంగా ఉందా, లెక్క కుదరడానికి పెట్టుకున్న పేరా అన్నది నిజానికి మంచి ప్రశ్న, కానీ సీసాలో పట్టని హీలియంను రసాయనం వాళ్లు ఒప్పుకోని కథ తెలిసిన మాకు దాన్ని ఆ కథలో చూపిస్తే పది నిమిషాల్లో ఎక్కేది. ఈ వారాన్ని సార్ మానేస్తేనే మంచిది, లేదా ఆయన్నే ఒక సంఘటనతో రమ్మనాలి.

తొమ్మిదో వారం ఉక్కు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు విన్నవాళ్లు ఎంతమందో తెలియదు, నేను వినలేదు. ఆ ఊరి మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. 1820ల్లో సర్వే పనిలో ఉన్న డాక్టర్ వాయ్సీ ఆ ఊరు చూసి అక్కడి పనితీరు రాసిపెట్టాడు, అది 1832లో అచ్చయింది. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లారనివ్వడం. యూరప్‌వాళ్లు దాన్ని ఊట్జ్ అన్నారు, మన ఉక్కు అన్న మాటే వాళ్ల నోట్లో అలా అయిందంటారు. దాని గుట్టు తెలుసుకోవడానికి మైకేల్ ఫారడే అంతటివాడు కూర్చుని పరీక్షించి, అందులో అల్యూమినియం ఉండటం వల్ల ఆ గుణం వచ్చిందనుకున్నాడు. అది తప్పు. ఉక్కుకూ ఇనుముకూ తేడా కార్బన్ అని అప్పటికే 1786లో ముగ్గురు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు చెప్పి ఉన్నారు, ఈ ఉక్కులో అది సుమారు 1.5 శాతం. కార్బన్ అన్న మాటే వినని కమ్మరి ఆ పాళ్లు తప్పకుండా తెచ్చేవాడు.

ఆ కమ్మరికి తెలిసింది సైన్సా కాదా అని సార్ అడిగారు. నిట్ పిల్లలు కాదన్నారు, ఎందుకో చెప్పలేకపోతే అది చేతిపని అని. అప్పుడు మెకానిక్ పెద్దాయన మాట్లాడారు, తొమ్మిది వారాల్లో ఆయన అంతసేపు మాట్లాడింది అదే మొదలు. "మా తాత కమ్మరి. నాగలి కర్రుకు నీళ్లు పట్టాలంటే ఇనుము గింత ఎరుపు రావాలె, గంతకు మించొద్దు అని మాకు చీకట్లనే చూపిచ్చేటోడు, ఎండల రంగు తెల్వది అని. తప్పయితే ఎందుకు తప్పయిందో సూస్కునేటోడు, మల్ల మార్చి సూసేటోడు. గది మీరు చెప్పే ప్రయోగం గాదా సార్?" గదిలో చప్పుడు లేదు. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఈ వారం దాకా నేను చరిత్ర తత్వాన్ని సరిచేస్తుందనే అనుకుంటున్నాను. ఉక్కు దగ్గర రెండో వైపు కనబడింది. సైన్స్ అంటే సిద్ధాంతమే అని ముందే నిర్ణయించుకుని చరిత్ర రాస్తే ఫారడే వస్తాడు, తప్పు చెప్పినా వస్తాడు, కోనసముద్రం కమ్మరి రాడు, సరిగ్గా చేసినా రాడు. ఎవరి పేరు పుస్తకంలోకి ఎక్కాలో తేల్చేది ఆ నిర్వచనమే, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. మా స్కూల్లో కమ్మరి, కుమ్మరి ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇంట్లో ఉన్న తెలివికి నా పాఠంలో ఇన్నాళ్లూ చోటు లేదు, అది నాకు చాలా బాధ కలిగించింది.

ఇక లోపాలు. చదవమని ఇచ్చేవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, మాట్లాడేది మాత్రం చక్కటి తెలుగు. నాకు పర్వాలేదు గానీ మెకానిక్ పెద్దాయన పక్కవాళ్లను అడిగి చెప్పించుకునేవారు, అది సరి కాదు. జిరాక్స్‌లు కొన్ని అసలు చదవలేనంత మసకగా ఉన్నాయి. ఆర్యభటుడికి దక్కింది ఆఖరి వారంలో అరగంట. 499లోనే భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని, పడవలో వెళ్లేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనబడే పోలికతో చెప్పినవాడు, ఎత్తయిన వస్తువులు మరి పడిపోవేం అని బ్రహ్మగుప్తుడు ఎదురడిగాడు, అదే రకం అనుమానం వెయ్యేళ్ల తర్వాత యూరప్‌లో కోపర్నికస్ మీదా వచ్చింది. దీనికి ఒక పూర్తి వారం, ఒక పూర్తి గీత ఇవ్వాలి. మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు అని పొగడటానికి కాదు, గీత దగ్గర నిలబడి బ్రహ్మగుప్తుడి వైపు కూడా వినడానికి. ఈ మాట సార్‌కు చెప్పాను, వచ్చే బ్యాచ్‌లో చూస్తానన్నారు. క్లాసు ఎప్పుడూ ఒంటిగంటకు ముగియదు, ఒకటిన్నర, ఒక్కోసారి రెండు. దూరం నుంచి వచ్చేవాళ్లు బస్సు టైమ్ చూసుకుని రావాలి. ఆడవాళ్లకు బాత్రూమ్ కింది అంతస్తులో, తాళంచెవి అడిగి తీసుకోవాలి, దీని గురించి కూడా మొహమాటపడకుండా చెప్పాం. కుర్చీలు ప్లాస్టిక్‌వి, నడుం నొప్పి ఉంటే చిన్న దిండు తెచ్చుకోండి.

పోయిన నెల పదో తరగతిలో గీత గీశాను. 1868 ఆగస్టు 18 సాయంత్రం, గుంటూరు. వర్ణపటం మా పాఠంలో ఉన్నదే కాబట్టి సిలబస్ దాటలేదు. పసుపు గీత సంగతి చెప్పి, ఇప్పుడు మీరైతే ఇంటికి ఏమని ఉత్తరం రాస్తారు అని అడిగాను. ఒకడు కొత్త మూలకం దొరికిందని రాస్తానన్నాడు. వెనక బెంచీ అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, "సోడియం కాదని తేలేదాక ఆగుతా టీచర్, కానీ గీత ఎక్కడుందో మాత్రం కొలిచి రాసిపెడతా" అంది. ఆ పీరియడ్ బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు.

కొత్త బ్యాచ్ దసరా సెలవుల తర్వాత మొదలవుతుంది. సీట్లు ఇరవై మాత్రమే, ఫీజు ముందే మొత్తం కట్టాలి, ఒక వారం వెళ్లి చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తారు, మా బ్యాచ్‌లో మానేసినవాళ్లకు ఇచ్చారు. నేను ఈసారి మా బయాలజీ మేడంను తీసుకుని మళ్లీ వెళ్తున్నాను, మలేరియా దోమ మీద ఒక వారం కొత్తగా పెడుతున్నారట, 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో చూసిన దోమ. గీత ఏ తేదీ దగ్గర గీస్తారో చూడాలని ఉంది.